అమ్మానాన్నలకు అమెరికా గ్రీన్‌కార్డ్: పాత కాగితాల్లో పేర్లు, తేదీలు కలవట్లేదా? అప్లై చేసే ముందే ఇవి సరిచూసుకోండి

అబ్బాయికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. ఇక అమ్మానాన్నల్ని తీసుకెళ్లిపోవడమే అని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. తీరా ఫామ్ నింపడానికి కూర్చుంటే ఒక్కొక్కటీ బయటపడటం మొదలైంది. అబ్బాయి బర్త్ సర్టిఫికెట్‌లో అబ్బాయి పేరే లేదు. అమ్మ పేరు పదో తరగతి మెమోలో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంది. నాన్నకి అసలు బర్త్ సర్టిఫికెట్టే లేదు. పెళ్లి అన్నవరంలో అయింది కానీ, శుభలేఖ, నాలుగు ఫొటోలు తప్ప ఒక్క ప్రభుత్వ కాగితం కూడా లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లలు అమెరికాలో ఉన్న చాలా ఇళ్లలో సీన్ ఇదే. అయితే కంగారు పడాల్సిన పని లేదు. కాగితం లేకపోతే దానికి బదులుగా ఏం ఇవ్వొచ్చో అమెరికా రూల్స్‌లోనే రాసి ఉంది. అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ పొంతన లేకపోయినా, ఏం కాదులే అని అలాగే పంపేసినప్పుడు. అందుకే ఏ కాగితం ఎందుకు అడుగుతారు, లేకపోతే ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఈ మూడు విషయాలు

ఒకటి: తల్లిదండ్రుల కోసం అప్లై చేయాలంటే కొడుకు లేదా కూతురు అమెరికా పౌరులై ఉండాలి. వయసు 21 నిండాలి. గ్రీన్‌కార్డ్ మాత్రమే ఉన్నవాళ్లు అమ్మానాన్నల కోసం పిటిషన్ వేయలేరు.

రెండు: సిటిజన్ తల్లిదండ్రుల్ని అమెరికా చట్టం 'ఇమ్మీడియట్ రిలేటివ్స్' కింద చూస్తుంది. ఏటా ఇన్ని వీసాలే అనే కోటా వీళ్లకి ఉండదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కేటగిరీలో ఉండే ఏళ్ల తరబడి క్యూ ఇక్కడ లేదు. కాబట్టి మన చేతుల్లో ఉండే ఆలస్యం చాలావరకు కాగితాల దగ్గరే.

మూడు: అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి, రెండు వేర్వేరు ఐ-130 పిటిషన్లు వేయాలి. ఒక దాంట్లో ఇద్దరినీ కలపడం కుదరదు. 2024 ఏప్రిల్ 1న మారిన ఫీజుల ప్రకారం ఒక్కో ఐ-130కి ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, పేపర్ మీద అయితే 675 డాలర్లు. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు అమెరికా ఇమిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) సైట్‌లో ఒకసారి చూసుకోండి.

మొదట కావాల్సింది పిల్లల బర్త్ సర్టిఫికెట్

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. "నాన్నా, మీ బర్త్ సర్టిఫికెట్ ఉందా?" అని ఫోన్ చేసి అడుగుతారు. కానీ ఐ-130 దశలో తేల్చాల్సింది ఒక్కటే. వీళ్లు నిజంగా మీ అమ్మానాన్నలేనా? ఆ విషయం చెప్పేది మీ బర్త్ సర్టిఫికెట్. అమ్మానాన్నల బర్త్ సర్టిఫికెట్ల అవసరం తర్వాత వీసా దశలో వస్తుంది.

అమ్మ కోసం వేసే పిటిషన్‌కి: మీ పేరు, అమ్మ పేరు ఉన్న మీ బర్త్ సర్టిఫికెట్, మీరు అమెరికా పౌరులని చూపే పాస్‌పోర్ట్ లేదా నేచురలైజేషన్ సర్టిఫికెట్.

నాన్న కోసం వేసే పిటిషన్‌కి: మీ పేరుతో పాటు ఇద్దరి పేర్లూ ఉన్న మీ బర్త్ సర్టిఫికెట్, సిటిజన్‌షిప్ రుజువు, వీటికి తోడు అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్. ఇద్దరిలో ఎవరికైనా అంతకుముందు పెళ్లి జరిగి ఉంటే, అది విడాకులతోనో మరణంతోనో ముగిసినట్టు కాగితం కూడా పెట్టాలి.

సిటిజన్‌షిప్ తీసుకునేటప్పుడు మీ పేరు కుదించుకున్నారా? అలాగైతే బర్త్ సర్టిఫికెట్‌లోని పేరుకీ ఇప్పటి పేరుకీ తేడా వస్తుంది. పేరు మారినట్టు చూపే కోర్టు ఆర్డర్ లేదా నేచురలైజేషన్ కాగితాలు జత చేయడం మర్చిపోవద్దు.

సర్టిఫికెట్‌లో పేరు లేకపోతే?

ఆస్పత్రిలో బిడ్డ పుట్టగానే రిజిస్టర్ చేయించారు. అప్పటికి బారసాల కాలేదు, పేరు పెట్టలేదు. తర్వాత వెళ్లి పేరు రాయించడం ఎవరికీ గుర్తులేదు. అందుకే పాత సర్టిఫికెట్లలో 'మగ శిశువు', 'ఆడ శిశువు' అని మాత్రమే ఉంటుంది.

దీనికి దారి ఉంది. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 14 కింద, ఇప్పటికే రిజిస్టర్ అయిన జననానికి తర్వాత పేరు చేర్పించుకోవచ్చు. పుట్టిన చోటు మున్సిపాలిటీ అయితే మున్సిపల్ ఆఫీసులో, పల్లె అయితే పంచాయతీలో అడగాలి. స్కూల్ రికార్డు, తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకుని వెళ్లండి. అమ్మానాన్నల పేర్లు అందులో ఎలా పడ్డాయో కూడా అప్పుడే చూసుకోండి. ఇంటి పేరు లేకపోవడం, అమ్మ పేరు ముద్దుపేరుగా పడటం మామూలే. తప్పులు సరిచేయించుకోవడానికి అదే చట్టంలో సెక్షన్ 15 ఉంది.

అసలు రిజిస్టరే కాలేదు... అప్పుడు?

జననం జరిగిన 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. ఏడాది దాటిపోయిన కేసుల్లో ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాల్సి వచ్చేది. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి ఇచ్చారు. మన దగ్గర సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ అంటే ఆర్డీవో.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ పక్కనే రిజిస్ట్రేషన్ తేదీ కూడా ఉంటుంది. 1985లో పుట్టి 2024లో రిజిస్టర్ అయితే అమెరికా ఆఫీసర్‌కి అది ఇట్టే కనిపిస్తుంది. ఆ సర్టిఫికెట్ చెల్లదని కాదు. కానీ పుట్టినప్పుడే రిజిస్టర్ అయిన దానికి ఉన్నంత బలం దానికి ఉండదు. కాబట్టి ఆలస్యంగా తెచ్చుకున్న సర్టిఫికెట్‌ని ఒంటరిగా పంపొద్దు. దాని వెనకాల పాత ఆధారాలు పెట్టండి.

పాత ఆధారాలంటే ఏవి? పదో తరగతి మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్, ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితం, చిన్నప్పటి టీకా కార్డు, తల్లిదండ్రుల పేర్లున్న పాత పాస్‌పోర్ట్, నాన్న సర్వీస్ రికార్డులో కుటుంబ వివరాలు. ఎంత పాతదైతే అంత మంచిది. గ్రీన్‌కార్డ్ ఆలోచన ఇంట్లో ఎవరికీ రాకముందే పుట్టిన కాగితానికి ఉండే విలువే వేరు.

అమ్మానాన్నలకు బర్త్ సర్టిఫికెట్ లేకపోతే

1950లు, 60ల్లో పల్లెల్లో ఇంట్లో, మంత్రసాని చేతుల మీద పుట్టినవాళ్లకి సర్టిఫికెట్ లేకపోవడంలో వింతేం లేదు. అమెరికా అధికారులకీ ఈ సంగతి తెలుసు. వాళ్ల రూల్స్ ప్రకారం మూడు మెట్లు ఉంటాయి.

మొదటి మెట్టు: బర్త్ సర్టిఫికెట్. అది ఉంటే ఇక వేరే చర్చ లేదు.

రెండో మెట్టు: రికార్డు లేదని ప్రభుత్వమే రాసిచ్చే 'నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్', దానికి తోడు స్కూల్ రికార్డు లాంటి ఆధారాలు. పుట్టిన ఊరు ఏ పరిధిలో ఉందో ఆ రిజిస్ట్రార్ దగ్గరే ఇది తీసుకోవాలి. పాత రిజిస్టర్లు ఒక్కోచోట పంచాయతీలో, ఒక్కోచోట తహసీల్దార్ ఆఫీసులో ఉంటాయి. జిల్లాలు, మండలాలు మారిపోయాయి కాబట్టి ఇప్పుడు ఆ ఊరు ఎవరి కిందికి వస్తుందో ముందు కనుక్కోండి. అమ్మ విషయంలో ఇంకో మాట. ఆమె కాపురం ఉన్న ఊరు కాకుండా పుట్టిన ఊరికే వెళ్లాలి. తొలి కాన్పు పుట్టింట్లో జరిగే ఆనవాయితీ వల్ల అది చాలాసార్లు అమ్మమ్మ వాళ్ల ఊరు అయి ఉంటుంది.

మూడో మెట్టు: స్కూల్ రికార్డు కూడా లేకపోతే అఫిడవిట్లు. కనీసం రెండు కావాలి. ఇచ్చేవాళ్లకి ఆ విషయం స్వయంగా తెలిసి ఉండాలి. పిటిషన్ వేసేవాళ్లు, ఎవరి కోసం వేస్తున్నారో వాళ్లు తమకి తామే ఇచ్చుకుంటే చెల్లదు.

ఒక మెట్టు నుంచి కిందికి దిగాలంటే పై మెట్టు ఎందుకు కుదరలేదో కాగితంతో చూపించాలి. చాలామంది ఎకాఎకిన నోటరీ దగ్గరికెళ్లి అఫిడవిట్లు చేయించి పంపుతారు. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ లేకుండా అవి మాత్రమే వెళ్తే మళ్లీ ప్రశ్న రావడం ఖాయం అనుకోండి.

అఫిడవిట్ ఎవరు ఇవ్వాలి? అందులో ఏముండాలి?

ఇచ్చేవాళ్లు వయసులో పెద్దవాళ్లై ఉండటం మేలు. మేనమామ, పెదనాన్న, పెద్దత్తయ్య, ఊళ్లో ఇంటి పక్కన ఉండే పెద్దాయన ఎవరైనా పర్వాలేదు. అమెరికా పౌరులై ఉండాల్సిన అవసరం లేదు. అమ్మ కంటే పదేళ్లు చిన్నదైన చెల్లెలు "మా అక్క పుట్టినప్పుడు నేను చూశాను" అని సంతకం పెడితే మాత్రం చదివేవాళ్లు నవ్వుకుంటారు.

అందులో తప్పనిసరిగా ఉండాల్సినవి ఇవి:

• ఇచ్చే వ్యక్తి పూర్తి పేరు, అడ్రస్, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు
• ఎవరి గురించి చెబుతున్నారో వాళ్లతో బంధుత్వం
• ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి పుట్టారు
• ఈ సంగతి తమకి ఎలా తెలుసు

చివరిదే ముఖ్యం. "నాకు తెలుసు" అంటే చాలదు. "అప్పటికి నాకు పద్నాలుగేళ్లు, అదే ఇంట్లో ఉండేవాణ్ని, మా చెల్లెలు సంక్రాంతి వారంలో ఇంట్లోనే పుట్టింది" అని రాస్తే ఒక మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. రెండు అఫిడవిట్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే టైపింగ్ సెంటర్‌లో కాపీ కొట్టినట్టే కనిపిస్తుంది. ఎవరి మాటల్లో వాళ్లని చెప్పనివ్వండి.

ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా. ఈ సాక్ష్యం చెప్పగలిగే పెద్దవాళ్లు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైల్లో ఉన్నారు. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటే అప్పటికి చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు. మొత్తం ఫైల్‌లో ఆగలేని పని ఏదైనా ఉందంటే ఇదే.

ఇంటి పేరు తిప్పలు

మన పేర్ల పద్ధతి అమెరికా ఫామ్‌లకి అర్థం కాదు. మనకి ఇంటి పేరు ముందు, అది కూడా ఒక్క అక్షరంగా. వాళ్లకి చివర, పూర్తిగా.

ఒక అమ్మగారి పేరు లక్ష్మి అనుకుందాం. స్కూల్ రికార్డులో పుట్టింటి పేరుతో కె.లక్ష్మి. పెళ్లయ్యాక రేషన్ కార్డులో పి.లక్ష్మి. పాస్‌పోర్ట్‌లో అత్తింటి పేరు పూర్తిగా రాసి లక్ష్మీదేవి. కొడుకు బర్త్ సర్టిఫికెట్‌లో ఉత్త లక్ష్మమ్మ. మనకి నలుగురూ ఒక్కరే. వేల మైళ్ల అవతల ఫైల్ చూసే ఆఫీసర్‌కి నలుగురు ఆడవాళ్లు.

ఇలా చేయండి. ఐ-130లో, తర్వాత వీసా దశలో నింపే డీఎస్-260 ఫామ్‌లో 'ఇతర పేర్లు' అని ఒక గడి ఉంటుంది. పుట్టింటి పేరుతో సహా ఏ కాగితంలో ఏ పేరు ఉందో అన్నీ అక్కడ రాయండి. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. తర్వాత, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని ఒక అఫిడవిట్, పేరు మారడానికి కారణం పెళ్లే అయితే పెళ్లి సర్టిఫికెట్ జత చేయండి.

పాస్‌పోర్ట్‌లో ఇంటి పేరు గడి ఖాళీగా ఉందేమో కూడా చూడండి. పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద దాన్ని ఇంటి పేరుగా వేసి, అసలు పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని ముద్రిస్తారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అదే గ్రీన్‌కార్డ్ మీదికి, డ్రైవింగ్ లైసెన్స్ మీదికి పాకుతుంది. అప్లై చేయకముందే పాస్‌పోర్ట్ రీ-ఇష్యూ చేయించుకుంటే ఈ గొడవ ఉండదు.

పుట్టిన తేదీ జూన్ 1? జూలై 1?

బడిలో వేసేటప్పుడు మాస్టారు వయసు సరిపోయేలా ఒక తేదీ వేసేశారు. ఇంట్లో చెప్పే తేదీ వేరు, జాతకంలోది వేరు, ఆధార్‌లోది ఇంకోటి. ఇలాంటివి మన పెద్దవాళ్లలో కోకొల్లలు.

ఆధార్‌ని పుట్టిన తేదీకి రుజువుగా పెట్టుకోవద్దు. అది గుర్తింపుకి మాత్రమే, పౌరసత్వానికో పుట్టిన తేదీకో రుజువు కాదని ఇప్పుడు ఆధార్ మీదే రాసి ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఏ తేదీ ఉందో చూసి, మిగతావి దానికి ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కేయండి. తేడా ఉంటే ఎందుకొచ్చిందో ఒక పేజీలో నిజాయతీగా రాసిపెట్టండి.

అమ్మానాన్నలు ఇంతకుముందు విజిటర్ వీసా మీద వెళ్లొచ్చారా? అప్పట్లో నింపిన ఫామ్‌లో పుట్టిన తేదీ, పేర్లు, పిల్లల వివరాలు అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. ఇప్పుడు కొత్త తేదీతో వెళ్తే అప్పుడెందుకు అలా రాశారని అడుగుతారు. పాత ఫామ్ కాపీ ఉంటే ముందు అది బయటికి తీయండి.

నలభై ఏళ్ల కిందటి పెళ్లికి ఇప్పుడు సర్టిఫికెట్?

వస్తుంది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని ఎన్నేళ్ల తర్వాతైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు, అడ్రస్ రుజువులు, సాక్షులు కావాలి. పెళ్లి తేదీ అసలుది ఉంటుంది, రిజిస్ట్రేషన్ తేదీ ఇప్పటిది ఉంటుంది. అది తప్పేం కాదు. శుభలేఖ పోయిందా? బంధువుల ఇళ్లలో అడగండి, ఎవరో ఒకరి బీరువాలో దొరుకుతుంది.

భార్యాభర్తలిద్దరూ వచ్చి సంతకం పెట్టాలి. ఇద్దరిలో ఒకరు లేకపోతే ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, జీవిత భాగస్వామి పేరున్న పాస్‌పోర్ట్, పాత రేషన్ కార్డు, అఫిడవిట్ల లాంటి ఆధారాల మీద ఆధారపడాలి.

తెలుగు కాగితాలు, ట్రాన్స్‌లేషన్

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. సీలు మీద, వెనక వైపు ఉన్న అక్షరాలతో సహా. అనువాదం చేసినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తిగా, సరిగ్గా ఉంది" అని రాసి సంతకం పెట్టాలి. దీనికి నోటరీ ముద్ర అవసరమని రూల్‌లో లేదు. పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయమని అనువాదకుడికి ముందే చెప్పకండి. మూలంలో ఎలా ఉంటే అలాగే రావాలి, తేడాని విడిగా వివరించాలి.

అమెరికా ఇమిగ్రేషన్ ఫైల్‌లో మన సర్టిఫికెట్లకి అపోస్టిల్ ముద్ర సాధారణంగా అడగరు. ఎవరైనా తప్పనిసరి అని డబ్బులు అడిగితే ఎక్కడ రాసుందో చూపించమనండి.

ఐ-130కి ఒరిజినల్స్ పంపొద్దు. స్పష్టమైన కాపీలు చాలు. ఒరిజినల్స్ ఇంటర్వ్యూకి కావాలి.

పిటిషన్ అప్రూవ్ అయ్యాక

అమ్మానాన్నలు ఇండియాలో ఉంటే ఫైల్ నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. ఇక్కడ కావాల్సినవి: డీఎస్-260 ఫామ్, అమ్మానాన్నల బర్త్ సర్టిఫికెట్లు లేదా పైన చెప్పిన బదులు కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, పోలీస్ క్లియరెన్స్. ఇండియాలో పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ ఆఫీస్ ద్వారా తీసుకోవాలి. నాన్న గల్ఫ్‌లో ఏడాదికి మించి పనిచేసి ఉంటే ఆ దేశం నుంచి కూడా అడుగుతారు. అది తెచ్చుకోవడానికి టైమ్ పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

పిల్లల వైపు నుంచి ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రం ఇవ్వాలి. అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక గీతకి 125 శాతం ఆదాయం చూపించాలి. వచ్చే అమ్మానాన్నల్ని కూడా కుటుంబ సభ్యుల లెక్కలో కలపాలి. ఆదాయం చాలకపోతే అమెరికాలో ఉండే మరో పౌరుడో, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లో జాయింట్ స్పాన్సర్‌గా రావొచ్చు.

మెడికల్ పరీక్షలు ఎంబసీ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. ఇండియాలో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబైలో జరుగుతాయి.

ఆర్ఎఫ్ఈ వచ్చిందంటే అంతా పోయినట్టేనా?

కాదు. ఇంకా ఆధారాలు కావాలని అడిగే లెటర్ అది. కానీ గడువు మాత్రం గట్టిది. గరిష్ఠంగా 12 వారాలు ఇస్తారు, ఆ తర్వాత పొడిగించరు. ఆ 12 వారాల్లో ఊళ్లో పంచాయతీ సెక్రటరీని పట్టుకోవడం, ఆర్డీవో ఆఫీస్ చుట్టూ తిరగడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అడిగినవన్నీ ఒకేసారి పంపాలి, విడతలుగా పంపడం కుదరదు. బంధుత్వానికి ఏ కాగితమూ చాలకపోతే డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చని సూచిస్తారు. ఖర్చు మీదే. సూచన రాకముందే ఏదో ల్యాబ్‌కి వెళ్లి చేయించుకుంటే పనికిరాదు, గుర్తింపు ఉన్న ల్యాబ్‌ ద్వారానే వెళ్లాలి.

"పాత డేట్‌తో సర్టిఫికెట్ తెప్పిస్తా"

ఈ మాట అనే ఏజెంట్ ప్రతి ఊళ్లో ఉంటాడు. కొన్ని వేలు ఇస్తే పనైపోతుందంటాడు. ఆ కాగితం దొంగదని తేలితే పోయేది డబ్బు మాత్రమే అయితే పర్వాలేదు. అమెరికా చట్టంలో మోసం చేసినా, ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పినా జీవితాంతం వీసా రాకుండా నిషేధం పడొచ్చు. మినహాయింపులు ఉన్నా దొరకడం చాలా కష్టం. అంటే గ్రీన్‌కార్డ్ సంగతి అటుంచి, మనవడి అన్నప్రాశనకి విజిటర్ వీసా మీద కూడా వెళ్లలేని పరిస్థితి. కాగితం లేదని నిజం చెప్పినవాళ్లకి దారి ఉంది. లేని కాగితం పుట్టించినవాళ్లకి లేదు.

ఈ ఆదివారం వీడియో కాల్‌లో చేయాల్సిన పని

• ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయటికి తీయించి ఫొటోలు తెప్పించుకోండి.
• ఒక తెల్ల కాగితం మీద గళ్లు గీసి, ఏ కాగితంలో ఎవరి పేరు ఎలా ఉంది, పుట్టిన తేదీ ఏముంది, పుట్టిన ఊరు ఏముంది రాయండి.
• తేడా ఉన్నచోట ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. సరిచేయగలిగేవి ఏవి, వివరణ ఇవ్వాల్సినవి ఏవి విడదీయండి.
• సాక్ష్యం ఇవ్వగల పెద్దవాళ్ల పేర్లు రాసి, వాళ్లతో ముందుగా మాట్లాడండి.
• నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్‌కీ, పెళ్లి రిజిస్ట్రేషన్‌కీ ఇప్పుడే అప్లై చేయించండి.
• ఇవన్నీ చేతికొచ్చాకే ఐ-130 ఫీజు కట్టండి.

ఆ ఎర్ర ఇంకు గుర్తులు అమెరికా ఆఫీసర్ కంటే ముందు మీరే చూశారంటే సగం పని అయిపోయినట్టే.

*గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సాధారణ సమాచారం మాత్రమే. రూల్స్, ఫీజులు మారుతుంటాయి. విడాకులు, దత్తత, గతంలో వీసా తిరస్కరణ లాంటివి ఉన్న కేసుల్లో లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌ని సంప్రదించండి.*